సాగని గొలుసు పొడుగెందుకవుతుంది?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో పొలం పనులకు ఎక్కువగా తిరిగే వాహనం ఏదని అడిగితే చాలామంది ట్రాక్టర్ పేరే చెబుతారు. కానీ ట్రాక్టర్ దున్నకానికో, ట్రాలీ లోడుకో బయటికి వస్తుంది. పొద్దున్నే పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, పొద్దుగూకేవేళ పచ్చిగడ్డి మోపు మోసేది రెండు చక్రాల బండే. రాయపోల్, దండుమైలారం, మంచాల వైపు చెలకల్లోకి వెళ్ళే మట్టిబాటల మీద, గట్ల మీద, వానాకాలమైతే బురదలో కూడా వంద సీసీ బైకో, టీవీఎస్ ఎక్స్ఎలో నెట్టుకుపోతూనే ఉంటుంది. తారురోడ్డు కోసం తయారైన బండికి మనవాళ్ళు అప్పజెప్పిన కొలువు ఇది.

ఒకే మోడల్ బండ్లు రెండు, ఒకే నెలలో కొన్నవి అనుకుందాం. ఒకటి హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్ళొస్తుంది. రెండోది ఇక్కడ చెలకకు వెళ్ళొస్తుంది. కిలోమీటర్లు మొదటిదే ఎక్కువ తిరిగినా, చైన్ టైట్ చేయించుకోవడానికి మెకానిక్ దగ్గరికి మాటిమాటికీ వచ్చేది రెండోదే. “చైన్ సాగింది” అంటాడు మెకానిక్. నాలుగు మరలు తిప్పి సరిచేస్తాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే చప్పుడు, అదే మాట.

ఉక్కు గొలుసు రబ్బరులా సాగుతుందా? సాగదు. పాత గొలుసులోంచి ఒక్క పలకను ఊడదీసి కొలిచినా, రంధ్రానికీ రంధ్రానికీ నడుమ దూరం కొత్తదానిలో ఎంతో దీనిలోనూ దాదాపు అంతే ఉంటుంది. అయినా మొత్తం గొలుసు పొడుగైన మాట నిజం. ఆ పొడవు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే చైన్‌కు ఏం చేయాలో, ఏం చేయకూడదో అన్నీ దానంతటవే తేలిపోతాయి.

కీలు లోపల ఏముంది?

బైకు చైన్‌ను దగ్గర పెట్టుకుని చూస్తే రెండు రకాల లింకులు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. లోపలి లింకులో రెండు పలకలు, వాటిని కలుపుతూ రెండు బోలు గొట్టాలు ఉంటాయి. వాటినే బుష్‌లు అంటారు. బుష్ మీద వదులుగా తిరిగే చిన్న రోలర్ ఉంటుంది. బయటి లింకులో రెండు పలకలను కలుపుతూ రెండు పిన్నులు ఉంటాయి. బయటి లింకు పిన్ను లోపలి లింకు బుష్‌లోకి దూరుతుంది. అదే కీలు. గొలుసు చుట్టుకునే పళ్ళ చక్రమైన స్ప్రాకెట్ పన్ను తాకేది రోలర్‌ను. గొలుసు వంగినప్పుడు తిరిగేది మాత్రం బుష్ లోపల ఉన్న పిన్ను. మనకు బయట ఎప్పుడూ కనిపించని చోటు అది.

ఈ అమరిక మొన్నటిది కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు 1880లో మాంచెస్టర్‌లో బుష్-రోలర్ గొలుసుకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు గొలుసుల్లో పిన్ను నేరుగా సన్నని పలక అంచు మీదే రాసుకునేది. భారమంతా ఆ అంచు మీద పడి తొందరగా అరిగేది. రెనాల్డ్ నడుమ గొట్టం పెట్టి ఆ భారాన్ని పిన్ను పొడవునా పరిచాడు. సైకిల్ నుంచి వరికోత మిషన్ దాకా నేటికీ నడుస్తున్నది ఆ ఆలోచనే. మన దగ్గర కూడా హైదరాబాద్ శివారు కాజీపల్లిలో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి గొలుసుల కర్మాగారం ఉంది.

ఇప్పుడు ఆ కీలు ఎంత పని చేస్తుందో లెక్క వేద్దాం. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు, వెనుక స్ప్రాకెట్‌కు 42 పళ్ళు, గొలుసులో వంద లింకులు అనుకుందాం. వంద సీసీ బండ్లలో కొలతలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. గొలుసు ఒక చుట్టు తిరిగేసరికి బండి నాలుగున్నర మీటర్లు ముందుకు కదులుతుంది. ఆ ఒక్క చుట్టులో ప్రతి కీలూ నాలుగుసార్లు మెలిక తిరుగుతుంది. ముందు స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు వంగుతుంది, దిగేటప్పుడు నిటారవుతుంది. వెనుక దాని మీదా అంతే. అంటే కిలోమీటరుకు ఒక్కో కీలు దాదాపు 900 సార్లు కదులుతుంది. పాతిక కిలోమీటర్లు వెళితే 22 వేల సార్లు. అదీ లోడుతో లాగుతూ.

ఇన్ని కదలికల్లో పిన్ను మీద, బుష్ లోపలి గోడ మీద రవ్వంత అరుగుదల తప్పదు. ఆ రవ్వంతను వందతో గుణించాలి. వంద సీసీ బైకు గొలుసులో కీలుకూ కీలుకూ నడుమ దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. వంద లింకులకు 1270 మిల్లీమీటర్లు. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదోవంతు అరిగిందంటే మొత్తం గొలుసు ఒక సెంటీమీటరు పొడుగవుతుంది. పలకలు సాగలేదు. వంద చోట్ల వెంట్రుక మందమంత లోహం పోయింది, అంతే. మెకానిక్ నోట ‘సాగింది’ అన్న మాట వింటే ‘లోపల అరిగింది’ అని అర్థం చేసుకోవాలి.

చెలక మట్టిలో ఉన్న రాయి

అయితే ఇక్కడి బండికే ఆ అరుగుదల ఎందుకంత ఎక్కువ? జవాబు నేలలో ఉంది. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాలన్నీ గ్రానైటు బండ మీద కూర్చున్న ప్రాంతం. తూర్పున రాచకొండ గుట్టలు ఆ బండకే పైకి కనిపించే రూపం. వేలాది ఏళ్ళ ఎండకూ వానకూ గ్రానైటు చిట్లి, చీకి మన ఎర్ర చెలక అయింది. గ్రానైటులో ముఖ్యంగా ఉండేవి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. ఫెల్డ్‌స్పార్ కాలక్రమాన మెత్తబడి బంకమట్టి అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం లొంగదు, ఇసుక రేణువుగానే మిగిలిపోతుంది. చెలక మట్టి చేతిలో నలిపితే గరగరలాడేది అందుకే.

ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7వ స్థానం. మామూలు ఉక్కు చాకు 5.5 దగ్గర ఉంటుంది. గొలుసు పిన్నులు చాకు కంటే గట్టివే. పైపొరను ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరుస్తారు, లోపలి భాగాన్ని విరగకుండా కాస్త మెత్తగా ఉంచుతారు. అయినా క్వార్ట్జ్ రేణువు నూనెతో కలిసి, పిన్నుకూ బుష్‌కూ నడుమ ఇరుక్కుని, కిలోమీటరుకు 900 సార్లు అటూ ఇటూ నలిగితే ఆ గట్టి పొరకూ గీతలు పడతాయి. పప్పును సన్నికల్లు మీద పొడిగా రుద్దితే సరిగా నలగదు, కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే మెత్తగా నూరుకుంటుంది. దుమ్ముకు నూనె తోడైనప్పుడు కీలు లోపల జరిగేదీ ఆ నూరుడే. క్వారీల, క్రషర్ల పక్క దారుల్లో తిరిగే బండికి ఇది మరీ ఎక్కువ. అక్కడి దుమ్ము అప్పుడే పగిలిన రాతిది కాబట్టి రేణువుల అంచులు ఇంకా పదునుగా ఉంటాయి.

గట్టిపరిచిన పైపొర గురించి ఇంకొక మాట. అది ఉన్నంతకాలం అరుగుదల నిదానంగా సాగుతుంది. అది అరిగిపోయి లోపలి మెత్తని ఉక్కు బయటపడ్డాక వేగం పెరుగుతుంది. అందుకే చైన్ ఎంత వదులైందన్నది కాదు, ఎంత తొందరగా మళ్ళీ వదులవుతున్నదన్నది అసలు లక్షణం. మొదట్లో నెలలకొకసారి టైట్ చేస్తే సరిపోయిన చైన్ వారం తిరక్కుండానే మళ్ళీ ఊగుతుంటే, ఆ గొలుసు ఆయుష్షు తీరిందని లెక్క. దాన్ని మళ్ళీ మళ్ళీ బిగిస్తూ పోవడం నాకు వృథా అనిపిస్తుంది. ఎందుకంటే ఆ తర్వాతి దెబ్బ స్ప్రాకెట్ పళ్ళ మీద పడుతుంది.

వదులు లేకపోతే ఏం?

మరి ఊగకుండా గట్టిగా బిగిస్తే పోదా అని చాలామందికి అనిపిస్తుంది. పాల క్యాన్లు మోసే బండ్లకు ఎక్కువగా చేటు తెచ్చేది ఈ ఆలోచనే.

వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఇంజను వెనకాల ఒక బోల్టు దగ్గర మడత తిరుగుతుంది. ముందు స్ప్రాకెట్ మధ్యబిందువు మాత్రం ఆ బోల్టుకు కాస్త ముందుంటుంది. ఈ రెండూ ఒకే చోట లేకపోవడం వల్ల షాకబ్జర్లు నొక్కుకుని చక్రం పైకి లేచిన కొద్దీ ముందు స్ప్రాకెట్‌కూ వెనుక దానికీ నడుమ దూరం పెరుగుతుంది. స్ప్రాకెట్ మధ్య, బోల్టు, చక్రం ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు ఆ దూరం గరిష్ఠం. బండి ఖాళీగా స్టాండు మీద ఉన్నప్పుడు కనిపించే ఊగు ఆ పెరుగుదల కోసం ముందే వదిలిపెట్టిన చోటు.

నలభై లీటర్ల క్యాన్లు రెండు నింపితే పాల బరువే 80 కిలోలు దాటుతుంది. దానికి క్యాన్ల బరువు, బండి నడిపే మనిషి బరువు కలపండి. ఆపైన బాటలో ఒక గుంత వచ్చిందంటే షాకబ్జర్ పూర్తిగా కిందికి నొక్కుకుంటుంది. ఖాళీ బండి మీద వీణ తీగలా బిగించిన చైన్‌కు అప్పుడు సాగే దారి లేదు. ఆ లాగుడంతా గేర్‌బాక్సులోంచి వచ్చే షాఫ్టు బేరింగు మీద, వెనుక చక్రం బేరింగు మీద పడుతుంది. కీళ్ళ లోపల ఒత్తిడి పెరిగి ఉన్న నూనె పొర కూడా బయటికి పిండుకుపోతుంది. గేర్‌బాక్సు బేరింగు మార్చాలంటే ఇంజను విప్పాలి. వదులు చైన్ పెట్టించే ఖర్చు కంటే బిగుతు చైన్ పెట్టించే ఖర్చు పెద్దది.

అలాగని మరీ వదులుగా ఉన్నా ప్రమాదమే. గుంతలో చైన్ ఎగిరి స్ప్రాకెట్ మీంచి జారొచ్చు. జారి చక్రానికి చుట్టుకుంటే వెనుక చక్రం బిగుసుకుపోతుంది. మామూలు రోడ్డు బండ్లకు కంపెనీలు చెప్పే ఊగు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఎత్తైన షాకబ్జర్లున్న మట్టిరోడ్డు బండ్లకు ఇంకాస్త ఎక్కువ. మీ బండి అంకె చైన్ కవరు దగ్గరి స్టిక్కరు మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. అదే ప్రమాణం.

ఈ ఊగు విషయంలో లెక్క కాస్త వింతగా ఉంటుంది. రెండు స్ప్రాకెట్ల నడుమ అర మీటరు దూరం ఉందనుకోండి. కింది వరుస గొలుసు బిగుతుగా ఉండాల్సిన దానికంటే రెండున్నర మిల్లీమీటర్లు పొడుగైతే చాలు, మధ్యలో వేలితో ఎత్తినప్పుడు పాతిక మిల్లీమీటర్లు లేస్తుంది. లోపలి కొద్దిపాటి అరుగుదల బయటికి పదింతలై కనిపిస్తుందన్నమాట. అందుకే టేపూ కొలబద్దా లేకుండా వేలితోనే చైన్ స్థితిని చెప్పగలుగుతాం.

బాక్సు: టైట్ చేసే పద్ధతి
బండిని సమతలం మీద, వీలైతే మెయిన్ స్టాండు మీద నిలపండి. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. వెనుక చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పుతూ కింది వరుస మధ్యలో ఊగు చూడండి. గొలుసు అన్ని చోట్లా సమంగా అరగదు, కాబట్టి ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా తగులుతుంది. అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటే కొలత తీసుకోవాలి. వదులు చోట చూసి బిగిస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడు షాఫ్టు మీద భారం పడుతుంది.
ఇరుసు నట్టును రింగు పానాతో వదులు చేయండి. రెండు పక్కలా ఉన్న అడ్జస్టర్లను ఒకటి సగం చుట్టు, రెండోది సగం చుట్టు చొప్పున సమంగా తిప్పండి. చక్రం ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే గొలుసులో సుమారు పది మిల్లీమీటర్ల వదులు తగ్గుతుంది, పైవరుసలో సగం, కింది వరుసలో సగం. రెండు పక్కల గీతలూ ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత వెనకాల కూర్చుని గొలుసు వెంబడి ఒక కన్ను మూసి చూడండి. గొలుసు స్ప్రాకెట్‌లోకి తిన్నగా వెళ్ళాలి, ఒక పక్కకు ఒరగకూడదు.
ఇరుసు నట్టు పూర్తిగా బిగించాక ఊగు మళ్ళీ చూడండి. బిగించేటప్పుడు చక్రం కొంచెం కదులుతుంది. స్ప్లిట్ పిన్ను ఉంటే తప్పకుండా పెట్టండి.

డ్రమ్ము బ్రేకు బండ్లలో ఒక సంగతి తరచు మరిచిపోతారు. చక్రం వెనక్కి జరిగిందంటే బ్రేకు రాడ్డు కొలత కూడా మారుతుంది. చైన్ సరిచేసిన ప్రతిసారీ వెనుక బ్రేకు పెడలు నొక్కి చూసి, రాడ్డు చివరి నట్టును సరిచేయాలి. లోడుతో దిగుడు బాటలో వెళ్ళే బండికి ఇది చైన్ కంటే ముఖ్యం.

నూనె ఎక్కడికి చేరాలి?

చైన్‌కు నూనె పెట్టడమంటే బయటి పలకలు తళతళలాడేలా పూయడం అని చాలామంది అనుకుంటారు. పలకల వెలుపలి వైపు రాసుకునేదేమీ లేదు. నూనె చేరాల్సింది లోపలి పలకకూ బయటి పలకకూ నడుమ ఉన్న సన్నని సందులోంచి పిన్ను మీదికి. బయట మిగిలిందంతా చెలక దుమ్మును పట్టుకునే జిగురే. పల్లెల్లో గ్యారేజీ దగ్గర దొరికే వేస్టు ఆయిల్ పోయడం ఒక అలవాటు. ఇంజనులో వాడి తీసేసిన ఆ నూనెలో మసి ఉంటుంది, అతి సన్నని లోహపు పొడి ఉంటుంది. ఖర్చు లేకుండా దొరుకుతుందని దాన్ని చైన్ మీద పోయడం అంటే అరుగుదలను మనమే లోపలికి పంపడం. ఆ అలవాటు మానాలని గట్టిగా చెబుతాను. చిన్న డబ్బా గేర్ ఆయిల్ చాలాకాలం వస్తుంది.

పని క్రమం ఇలా ఉండాలి. ముందు గుడ్డతోనో, మెత్తని బ్రష్షుతోనో బయటి మట్టి తీసేయాలి. అవసరమైతే కిరోసిన్ వాడొచ్చు. పెట్రోల్ వద్దు, నిప్పు ప్రమాదం ఒకటి, రబ్బరు రింగులున్న చైన్‌కు చేటు ఇంకొకటి. తడి ఆరాక, బండి తిరిగి వచ్చి చైన్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు, కింది వరుస లోపలి వైపున ఒక్కో కీలు దగ్గర చుక్క పడేలా నూనె వేయాలి. తిరిగేటప్పుడు నూనె బయటి వైపుకే విసిరినట్టు పోతుంది కాబట్టి లోపలి వైపున వేసిన చుక్క కీలు దాటుకునే బయటికి వస్తుంది. చక్రం కొన్ని చుట్లు తిప్పి, కాసేపు ఆగి, పైన మిగిలింది గుడ్డతో శుభ్రంగా తుడిచేయాలి. తుడవకపోతే చేసిన పనంతా దుమ్ము పాలవుతుంది. రాత్రి ఇంటికి చేరాక ఈ పని చేస్తే తెల్లారేసరికి నూనె లోపలికి ఇంకుతుంది. వానాకాలంలో నీళ్ళు నూనెను కడిగేసి తుప్పు తెస్తాయి కాబట్టి బురదలో నడిచిన రోజు, మామూలుగా నూనె పెట్టే రోజు వచ్చేదాకా ఆగకుండా, వెంటనే చూసుకోవాలి.

బాక్సు: వేళ్ళు జాగ్రత్త
ఇంజను ఆన్ చేసి, గేరు వేసి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పట్టి తుడవడం కొందరి అలవాటు. గుడ్డ అంచు స్ప్రాకెట్ పన్నుకు చిక్కితే దాని వెంట వేళ్ళు కూడా నలిగి తెగిపోతాయి, లాక్కునే వ్యవధి ఉండదు. ఈ పని ఎప్పుడూ ఇంజను ఆపే చేయాలి, చక్రం చేత్తోనే తిప్పాలి. పిల్లలు పక్కన నిలబడి చక్రం తిప్పుతుంటే మీ వేళ్ళు చైన్ దగ్గర ఉండకూడదు.

ఖరీదైన బండ్లలో ఓ-రింగ్ చైన్లు వస్తున్నాయి. ప్రతి కీలుకూ రెండు పక్కలా చిన్న రబ్బరు రింగు బిగించి, కర్మాగారంలోనే గ్రీజు నింపి మూసేస్తారు. క్వార్ట్జ్ లోపలికి పోదు, గ్రీజు బయటికి రాదు. వీటికి బయటి నూనె పిన్ను కోసం కాదు, రబ్బరు ఎండకుండా, రోలర్ తుప్పు పట్టకుండా. చెలక పనికి ఇలాంటి చైన్ తగినదే. తీగ బ్రష్షుతో మాత్రం రుద్దకూడదు, రింగు తెగితే ఆ కీలులో గ్రీజు ఉండదు.

చైన్‌ను ఒంట్లో దాచుకున్న బండ్లు

దుమ్ము సమస్యకు ఇంకొక దారి కూడా ఉంది. కెనడాలో ఒంటారియో డ్రైవ్ అండ్ గేర్ సంస్థ 1967 నుంచి ఆర్గో అనే వాహనాలు చేస్తున్నది. ఆరు లేదా ఎనిమిది చక్రాలతో బురదలో, మంచులో నడుస్తాయి, నీళ్ళలో తేలతాయి. వాటికి ముందు చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలను నిదానపరిస్తే బండి ఆ పక్కకు మళ్ళుతుంది. ఇరుసులన్నిటినీ రోలర్ చైన్లు కలుపుతాయి, అవన్నీ తొట్టిలాంటి బాడీ లోపలే ఉంటాయి. భారత సైన్యం చేర్చుకున్న ఏటర్ ఎన్1200 అనే పెద్ద టైర్ల బండిలోనూ చక్రాలకు శక్తి వెళ్ళేది గొలుసుల ద్వారానే.

బాడీ లోపల దాచితే క్వార్ట్జ్ దుమ్ము తగ్గుతుంది, సమస్య స్వభావం మారుతుంది. ఆర్గో చక్రాలకు మన బైకులాంటి స్వింగ్ ఆర్మ్ లేదు, కాబట్టి లోడు పెరిగినంత మాత్రాన చైన్ బిగియదు. కానీ మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు నేలను ఈడుస్తాయి, ఆ ఈడ్పు కుదుపులై గొలుసుల మీద పడుతుంది. గొలుసులు అనేకం కావడంతో ఏ ఒక్కటి వదులైనా పళ్ళు దాటి దూకుతుంది. అందుకే ఒక్కోదాన్ని విడిగా చూసి, టెన్షనర్లు సరిచేసి, నూనె పెట్టాలి. నీళ్ళు లోపలికి చేరి నిలిస్తే తుప్పు వేగంగా పడుతుంది. పని అయ్యాక ఆ నీళ్ళు తీసేయడమూ చైన్ సంరక్షణలో భాగమే.

ఎప్పుడు మార్చాలి?

అరిగిన గొలుసులో కీలుకూ కీలుకూ నడుమ దూరం పెరుగుతుంది కదా. స్ప్రాకెట్ పళ్ళ దూరం మాత్రం పాతదే. ఈ రెండూ పొసగక గొలుసు పళ్ళ మొదళ్ళలో కూర్చోకుండా పైకి ఎక్కుతుంది. భారం చాలా పళ్ళ మీద పంచుకోవాల్సింది ఒకటి రెండింటి మీదే పడి పళ్ళు ఒక పక్కకు కొక్కెంలా వంగుతాయి. ముందు స్ప్రాకెట్ ఇంకా ముందుగా పోతుంది. పళ్ళు మూడో వంతే కావడంతో ఒక్కో పన్నుకు మూడింతల పని, కీలు వంగాల్సిన కోణమూ మూడింతలు.

వెనుక స్ప్రాకెట్ వెనకాల, గొలుసు చుట్టుకున్న చోట, వేలితో పట్టి వెనక్కి లాగి చూడండి. మంచి గొలుసు దాదాపు కదలదు. పన్ను సగం బయటికి కనిపించేంత లేస్తే మార్చాల్సిన సమయం వచ్చేసింది. కొలిచి చూసేవారు గొలుసును బిగుతుగా పట్టి ఇరవై కీళ్ళ నడుమ దూరం తీసుకోవచ్చు. అర అంగుళం గొలుసుకు అది 254 మిల్లీమీటర్లుండాలి. 259 దాటితే రెండు శాతం అరిగినట్టే, ఇంక నమ్మకూడదు. అడ్జస్టరు చివరిదాకా వచ్చేసిందని లోపలిదీ బయటిదీ ఒక్కో లింకు కోసి మళ్ళీ కలపడం పల్లెల్లో చూస్తుంటాం. అలా చేస్తే పొడవు తగ్గుతుందే కానీ మిగిలిన 98 కీళ్ళ అరుగుదల అలాగే ఉంటుంది.

మార్చేటప్పుడు చైన్ ఒక్కటే కాకుండా రెండు స్ప్రాకెట్లతో కలిపి సెట్టుగా మార్చమని మెకానిక్ అడిగితే అది అమ్మకం కోసం చెప్పే మాటని అనుమానించనక్కర్లేదు. వంగిన పళ్ళ మీద కొత్త గొలుసు వేస్తే ఆ పళ్ళ ఆకారం కొత్త రోలర్లనూ కీళ్ళనూ తొందరగా అరగదీస్తుంది. ఇక లాక్ లింకు పెట్టే చైన్లలో, ఆ క్లిప్పు మూసి ఉన్న కొస గొలుసు పరుగెత్తే దిక్కుకే ఉండాలి. తెరిచిన కొస ముందుంటే రాయో, కంపో తగిలి క్లిప్పు ఊడిపోయే అవకాశం ఉంది. బండి తీసుకునే ముందు వంగి ఆ ఒక్కటీ మీ కళ్ళతో చూసుకోండి.